గోలీ అనకూడని మాట

"మోకాలికి ఏమైంది బావా?"

బావ ఉలిక్కిపడ్డాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఇంకెవరూ లేరనుకున్నాడు కాబోలు, కుడి మోకాలికి చుట్టుకుంటున్న బ్యాండేజీని గబగబా విప్పి సంచిలో కుక్కేశాడు.

"ఏం కాలేదురా. ఊరికే చుట్టి చూస్తున్నా."

"బాగున్న కాలికా?"

"నీకన్నీ కావాలి. పద, పైనుంచి వచ్చే బంతులు ఇంకాసేపు పట్టాలి నువ్వు."

"పట్టి ఏం చెయ్యను? బెంచీ కింద దాచుకోనా?"

మామూలుగా అయితే ఇలాంటి మాటలకు బావే ముందు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. బామ్మర్దికి అది నచ్చలేదు.

బిస్కట్ ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీముకు బావ గోలు కాసే గోలీ, బామ్మర్ది రెండో గోలీ. అంటే బావకు దెబ్బ తగిలితే తప్ప మైదానంలో కాలు పెట్టని మనిషి. బావకేమో దెబ్బలు తగలవు. అందుకే ఫ్యాక్టరీలో బామ్మర్దికి 'బెంచీ' అనే పేరు స్థిరపడిపోయింది. "ఏం బెంచీ, నిన్న బాగా కూర్చున్నావటగా" అని పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళు కూడా పలకరించేవారు.

జాతీయ కప్పులో ఓడితే ఇంటికే. రెండో అవకాశం ఉండదు. అలాంటి పోటీలో ఆ ఏడు బిస్కట్ టీము పోలీసుల్ని పంపేసింది, బ్యాంకు వాళ్ళను పంపేసింది, క్వార్టర్ ఫైనల్లో యూనివర్సిటీ కుర్రాళ్ళనూ సాగనంపింది. సెమీఫైనల్లో ఎదురైంది ఓడరేవు టీము. కిందటేడు కప్పు వాళ్ళదే. "బిస్కట్లే కదా, టీలో ముంచుకుని తినేస్తాం" అని వాళ్ళ కెప్టెన్ పేపర్లో అన్నాడు.

సరిగ్గా అప్పుడే బావ మారిపోయాడు. ఫోన్ మోగితే వరండాలోకి పోయి గుసగుసలాడేవాడు. ఇన్నేళ్ళూ లేనిది, షిఫ్టు దిగీ దిగగానే బామ్మర్దిని మైదానానికి లాక్కెళ్ళి ఒళ్ళు హూనమయ్యేదాకా దూకించేవాడు. 'నేను తన వెంట పడకుండా నన్ను అలిసిపోయేలా చేస్తున్నాడు' అనుకున్నాడు బెంచీ.

మ్యాచ్ ముందురోజు పిండి గోదాము దగ్గరకు ట్రాలీ తీసుకెళ్తుంటే వెనకవైపు మాటలు వినిపించాయి. తొంగిచూశాడు. ఓడరేవు కోచ్. ఆయన ఎదురుగా బావ.

"సెమీస్‌లో వదిలేస్తానండీ. నన్ను నమ్మండి. తర్వాత మీరు మాత్రం మాట మార్చకూడదు."

"ముందు మ్యాచ్ కానివ్వు, చూద్దాం."

బెంచీ చప్పుడు కాకుండా ట్రాలీని వెనక్కి లాక్కున్నాడు. గోలీల భాషలో వదలడం అంటే ఒకటే, బంతిని గోల్లోకి పోనివ్వడం. 'వదిలేస్తాను' అనే మాట గోలీ నోట రాకూడదని అతనికి నేర్పింది కూడా బావే. బ్యాండేజీ ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఓడాక చూపించుకోవడానికి సాకు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాడు. అక్క జెర్సీలకు ఇస్త్రీ చేస్తోంది.

"అక్కా, బావ ఏమైనా దాస్తున్నాడా?"

"దాస్తే నీకు చెప్తానేంట్రా?"

"నవ్వులాట కాదక్కా."

"రేపీపాటికి నీకే తెలుస్తుందిలే. పోయి పడుకో, బాగా నిద్రపోవాలి నువ్వు."

అక్కకీ తెలుసన్నమాట. చెబితే అక్క సంసారం నలుగురి నోళ్ళలో పడుతుంది. చెప్పకపోతే ఫ్యాక్టరీ మొత్తం రేపు మోసపోతుంది. తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే తమ టీము కోచ్ ఇంటి తలుపు కొట్టాడు.

"మీ బావ చోటు నీకు కావాలని చెప్తున్నావా?" అన్నాడు కోచ్, అంతా విని.

"మా అక్క మీద ఒట్టండీ."

మ్యాచ్‌కు ముందు అందరి ఎదుటా బావను నిలదీశాడు కోచ్. "నిన్న గోదాము వెనక ఎవరితో మాట్లాడావు?"

బావ బామ్మర్ది వైపు చూశాడు.

"వాడు చెప్పాడా?"

"నేనడిగిందానికి జవాబు చెప్పు."

"వాణ్ణే ఆడించండి," అన్నాడు బావ.

"అంతేనా? ఇంకేం చెప్పవా?"

బావ తల అడ్డంగా ఊపాడు. తప్పు చేయనివాడు ఇలా ఊరుకుంటాడా? బెంచీకి మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"ఇక ఈ టీము గడప తొక్కకు," అన్నాడు కోచ్.

బావ తన గ్లవ్స్ తెచ్చి బామ్మర్ది ఒళ్ళో పెట్టాడు. "మణికట్టు దగ్గర కాస్త వదులు. బిగించుకో." అని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఓడరేవు వాళ్ళు ఎటునుంచి కొట్టినా బంతి బెంచీ చేతుల్లోకే వచ్చింది. పైనుంచి వచ్చినవి మరీ సులువుగా దొరికాయి. ఆట చివర్లో బిస్కట్ కెప్టెన్ కొట్టిన ఒక్క గోల్‌తో పని అయిపోయింది. పొయ్యి దగ్గరి వాళ్ళు బెంచీని భుజాల మీదికెత్తుకుని మైదానమంతా తిప్పారు. అంత ఎత్తునుంచి కూడా అతను అక్క కోసమే వెతికాడు. అక్క కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

కిందికి దిగేసరికి ఓడరేవు కోచ్ ఎదురొచ్చి చేయి చాపాడు. బెంచీ తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ పప్పులు ఉడకలేదు కదండీ?"

"ఏం పప్పులయ్యా? మీ బావ ఏడీ? మెచ్చుకుందామని వెతుకుతున్నా."

"దేనికి?"

"వచ్చే ఏడు మా గోలీ ఆట మానేస్తున్నాడు. మా టీములోకి రమ్మని మీ బావను ఎన్నిసార్లు అడిగినా రానన్నాడు. నాకంటే మా బామ్మర్ది గట్టివాడు, వాణ్ణి తీసుకోండని ఒకటే పట్టు. మ్యాచ్‌లో ఎప్పుడూ చూడనివాణ్ణి ఎలా తీసుకోనయ్యా అన్నాను."

"దానికి బావ ఏమన్నాడు?"

"సెమీస్‌లో తన చోటు నీకు వదిలేస్తానన్నాడు."