పోటు వేళ

నళిని కుడికాలు మోకాలిదాకా బురదలో దిగిపోయింది. లాగబోతే ఎడమకాలు కూడా దిగింది.

“ఏమండీ, కాళ్ళు రావడం లేదండీ!” మొదట నవ్వుతూనే అంది.

ఒడ్డున కెమెరా పట్టుకుని నిలబడ్డాడు కృష్ణమోహన్. అది ఎనభై నాలుగు, జూలై. అమెరికాలో తాముండే బాతెల్ ఊరి నుంచి అలాస్కా తీరం చూడటానికొచ్చారు భార్యాభర్తలు. ట్రిప్ ఆలోచన అతనిదే. ఏడాదిగా ఇంట్లో ముక్తసరిగా ఉంటున్న మనిషి టికెట్లు తెచ్చి చేతిలో పెడితే నళిని పొంగిపోయింది. ముందుకెళ్తే తెల్ల తిమింగలాలు బాగా కనిపిస్తాయి, ఫోటో తీస్తానన్నదీ అతనే.

“కదలకు. రోడ్డు మీద ఎవరినైనా పిలుచుకొస్తా” అంటూ రాళ్ళెక్కసాగాడు.

అప్పుడు చూసింది నళిని. దూరంగా బూడిదరంగు నీళ్ళ మీద సన్నటి తెల్లగీత. అది ఇటే వస్తోంది. సముద్రం పోటెత్తుతోందని తెలియగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

కాసేపటికే మంచులాంటి నీళ్ళు చేరి తొడలను కోసేస్తున్నాయి. తలెత్తి చూసింది. కృష్ణమోహన్ రాళ్ళ మధ్యలో ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు. పైన రోడ్డు మీద కార్లు పోతున్నాయి.

“ఏమండీ! కారాపండీ!”

కదల్లేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. భయంతో కొయ్యబారిపోయాడు పాపం, అనుకుంది. నీళ్ళు నడుము దాటాయి. అరుద్దామంటే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. తనిక ఇంటికి వెళ్ళదని ఆమెకు అర్థమైంది.

ఉన్నట్టుండి కృష్ణమోహన్ గావుకేక పెట్టాడు. పడుతూ లేస్తూ పైకి పరిగెత్తి ఒక ట్రక్కుకు అడ్డం నిలబడ్డాడు. డ్రైవర్ ట్రక్కులోని వైర్‌లెస్ రేడియోలో సాయం కోసం పిలుస్తుంటే, ఆగకుండా కిందికొచ్చి నీళ్ళలోకి దూకాడు. ఆమె చంకల కింద చేతులేసి పైకెత్తి పట్టుకున్నాడు.

“తప్పైపోయింది నళినీ... తప్పైపోయింది” అంటూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“మీరేం చేశారండీ” అంది, వణుకుతూనే.

ఫైరింజన్ వాళ్ళు వచ్చేసరికి నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. గొట్టాన్ని ఆమె కాళ్ళ పక్కన బురదలోకి దించి నీళ్ళు వదిలారు. బురద పట్టు సడలింది. ఇద్దర్నీ లాగి ఒడ్డున పడేశారు.

మోటెల్ గదిలో రెండు దుప్పట్లు కప్పుకున్నా నళినికి వణుకు తగ్గలేదు. కృష్ణమోహన్ వేణ్ణీళ్ళ కింద నిలబడి ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. బాత్‌రూమ్‌లోంచి వినిపిస్తోంది. ఎంత ప్రేమ ఈయనకి, ఇన్నాళ్ళూ కనిపెట్టలేకపోయాను, అనుకుంది.

మోటెల్ నడిపే ముసలావిడ వేడి కాఫీ తెచ్చి చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

“నాకు అర్థం కానిది ఒక్కటే అమ్మాయీ,” అందావిడ, “నిన్న నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మీ ఆయన వచ్చి, ఆ తీరంలో మనిషి ఎక్కడ కూరుకుపోతాడో, నీళ్ళు ఏ వేళకి పైకొస్తాయో నాతో రెండేసిసార్లు చెప్పించుకుని వెళ్ళాడే!”