నా పేరుతో పడుకున్నవాడు

2008 మార్చి 9, ఆదివారం. పొద్దున్నే పేపరు తెరిస్తే, భీమడోలు కబడ్డీ పోటీలో నిన్న నా తలకు దెబ్బ తగిలిందనీ, ఏలూరు ఆస్పత్రిలో నేను స్పృహ లేకుండా ఉన్నాననీ రాసి ఉంది!

నాకు జ్వరమొస్తే నా బదులు, జట్టులో లేని నా స్నేహితుడు తన్వీర్ ఆడాడు, నా పేరుతోనే. మా వైపు జట్లలో ఇది మామూలే. కానీ పోయినేడు ఒకరి కాలు విరిగి గొడవైందని, మా క్లబ్బు ఈసారి ఆటగాళ్లందరికీ పేరుపేరునా బీమా చేయించింది.

ఆస్పత్రికి పరుగెత్తాను. క్లబ్బు సెక్రటరీ నన్ను మెట్ల దగ్గరే ఆపేశారు.

"నువ్వెందుకొచ్చావయ్యా? నువ్వు లోపల మంచమ్మీదున్నావు!"

వార్డు బయట తన్వీర్ తల్లి సాబిరా గారు నిలబడి ఉన్నారు.

"నిజం చెప్పేద్దామండీ," అన్నాను.

"చెబితే బీమా రాదంట బాబూ. ఆపరేషన్ ఆగిపోద్ది. మా వల్ల ఏమవుద్ది చెప్పు?"

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "నీకు జ్వరం తగ్గిందా?"

తలూపాను.

"రేపు పొద్దున్నే బీమా ఆయన చూడ్డానికొస్తారంట. మీ అమ్మగారిని తీసుకురా. వాడి పక్కన ఆవిడే కూర్చోవాలి కదా. నేను గేటు బయట ఉంటాను."

కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించారు.

"ఆయన ఉండగా వాడికి తెలివొస్తే, అమ్మీ అని పిలుస్తాడు. మీ అమ్మగారిని వెంటనే పలకమను బాబూ."