దొంగ నల్లి, కాపలా నల్లి

"మందు కొట్టాల్సిందే వదినా," అంటూ మరిది ఓ టమాటాను ఆమె చేతిలో పెట్టాడు.

వదిన బొటనవేలితో కాయ చుట్టూ నొక్కి చూసింది. తొక్క కింద అక్కడక్కడ గట్టిగా తగిలింది.

"కంపు నల్లి మూతి పెట్టింది. అది రసం పీల్చినచోట కండ బెండు కడుతుంది," అంది.

"అందుకే కదా మందు!"

"పోయిన కాపుకు మూడుసార్లు కొట్టావు. ఏ నల్లులు చచ్చాయి?"

"ఏ నల్లులేంటి? నల్లి నల్లే. వాటి ఇంటిపేర్లు కూడా అడగాలా?"

వదిన నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. పోయిన కాపులో టమాటాలు కొనే కంపెనీ సగం పెట్టెలను తిప్పి పంపింది. ఈసారి నూటికి పది కాయలకు మించి మచ్చలుంటే ఒప్పందం రద్దన్నారు. అదే జరిగితే పొలం కౌలుకిచ్చి మరిది కూలికి పోవాలి. అన్న పోయాక వదినకు మిగిలింది ఈ మట్టి ఒక్కటే. అదీ పోతే గోడవారన కూర్చుని పొద్దు గడపాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పదిహేను రోజులు ఆగు. మచ్చలు తగ్గకపోతే మందు పంపు నేనే మోస్తా."

"నువ్వా! ఆ చోద్యం చూడ్డానికైనా ఆగుతా పద," అన్నాడు మరిది.

మర్నాడు తెల్లవారకముందే వదిన పొలంలో ఉంది. చలికి నల్లులు బిగుసుకుని ఉండే వేళ అది. మొక్కలకు ఊతంగా కర్రల మీద కట్టిన తాడు పట్టుకుని సాలు వెంట నడుస్తూ, గాలి పీల్చి, ఓ మొక్క దగ్గర ఆగింది. కొమ్మ కింద సబ్బు నీళ్ల బేసిన్ పెట్టి మెల్లగా తట్టింది. టపటపా రాలాయి.

"టార్చి వెయ్యనా?" అన్నాడు వెనక నుంచి మరిది.

"నీ కాళ్ల దగ్గర వేసుకో. మొక్కలు తొక్కుతున్నావు."

ఆకుల అడుగున వేళ్లతో వెతికి, వరసగా పేర్చినట్టున్న గుడ్లను చిదిమేసింది. మళ్లీ గాలి పీల్చింది. మళ్లీ నడిచింది.

నాలుగో రోజు మరిదికి హుషారు పుట్టింది. సాయంత్రం ఒక్కడే వెళ్లి అర బకెట్టు నల్లుల్ని సబ్బు నీళ్లలో ముంచి తెచ్చాడు. "ఇదిగో! నీ నాలుగు రోజుల పని ఒక్క పూటలో చేసుకొచ్చా."

వదిన బకెట్టులో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య తిప్పింది. ఆమె ముఖం మాడిపోయింది.

"దొంగల్ని వదిలేసి ఇంటి కుక్కల్ని చంపుకొచ్చావు కదయ్యా!"

"అదేంటి?"

"వీటి భుజాన ముల్లుంది. మూతి లావు. ఇవి కాయ జోలికి పోవు, పురుగుల్నే పొడిచి తాగుతాయి. దొంగ నల్లికి భుజం నున్నన, మూతి వెంట్రుకంత."

"రెండూ ఒకేలా ఉన్నాయి వదినా!"

"ఉంటాయి. అదే నీకొచ్చిన తంటా."

మరిదికి అప్పుడు తట్టింది. పోయిన కాపులో మూడుసార్లు కొట్టిన మందుకు మొట్టమొదట చచ్చినవి ఈ కాపలా నల్లులే. ఆ రోజు నుంచి అతను పట్టిన ప్రతి నల్లినీ ముందు వదినకు ఇచ్చి, ఆమె చెప్పాకే బేసిన్‌లో వేశాడు.

"అక్కా, మీ ఇద్దరి కంపుకు ఇంట్లో ఈగలు కూడా వాలడం లేదు," అని అతని భార్య ముక్కు మూసుకుంది. వదిన చేతులు వాసన చూసుకుని, "నిన్నటికంటే తగ్గిందిలే," అంది. నిజమే. బేసిన్ నిండడం మానేసింది.

పదహారో రోజు కంపెనీ ఆఫీసరమ్మ వచ్చింది. గట్టు మీద వంద కాయలు పోసి ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"మూడు," అంది ఆమె చివరికి. "నూటికి మూడే మచ్చకాయలు. ఈ చుట్టుపక్కల ఇంత శుభ్రమైన తోట లేదు. ఏం మందు వాడారు?"

"మా వదిన," అన్నాడు మరిది ఛాతీ విరిచి.

ఆమె దొంగ నల్లుల్ని మాత్రమే ఏరి చంపిందని చెప్పినా ఆఫీసరమ్మ నమ్మలేదు. సంచిలోంచి ఒక్కో నల్లి ఉన్న రెండు సీసాలు తీసింది. "వీటిలో ఏది మంచిదో భూతద్దం లేనిదే నేనే చెప్పలేను. కావాలంటే బొమ్మల పుస్తకం ఇస్తా, పోల్చుకోండి."

"బొమ్మలో ముల్లు గుచ్చుకోదమ్మా. మూతలు తియ్యి," అంది వదిన.

రెండు వేళ్లు లోపలికి వెళ్లాయి. బయటికొచ్చాయి.

"ఇది దొంగ. ఇది కాపలా."

ఆఫీసరమ్మ భూతద్దం పెట్టి చూసింది. మళ్లీ చూసింది. పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

"ఒప్పందం మూడేళ్లకు రాయిస్తా. వచ్చే వారం మా రైతులందరికీ మీరే పాఠం చెప్పాలి. తెర, ఫొటోలు సిద్ధం చేయిస్తా."

"అవేం వద్దు. రెండు రకాల నల్లులూ తెప్పించు. వచ్చినవాళ్లందరి కళ్లకూ గంతలు కట్టించు."

"గంతలా! ఎందుకండీ?"

మరిది పకపకా నవ్వాడు. "మా వదిన నేర్చుకున్నట్టు నేర్చుకోవడానికి!"

పుట్టినప్పటి నుంచి ఆమెకు చూపు లేదు.