ఐదో కుర్చీ

ఆ రోజు ఇంట్లో బాబాయి, పిన్ని, వాళ్ళ ఇద్దరు పిల్లలు, బాబాయి అన్న కూతురు ఉన్నారు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. అన్న కూతురు వంటగదిలో గట్టు దగ్గర నిలబడి గబగబా రెండు ముద్దలు మింగి, దబ్బున పడిపోయింది.

"మొదలెట్టింది మహాతల్లి! అంట్లు తోమే వేళకే వస్తుంది దీనికి మూర్ఛ," అంది పిన్ని.

"అక్కా, నిన్నటి కంటే ఇవాళ బాగా పడ్డావే!" అన్నాడు చిన్నాడు.

బాబాయి మాత్రం ఆమె నుదుటి మీద రక్తం చూశాడు. ఆయన ఇళ్ళకీ దుకాణాలకీ నిఘా కెమెరాలు బిగిస్తాడు. ఆ పూట పని మానుకుని ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టింది. "నాటకం కాదండీ. అన్నం దిగే గొట్టం మధ్యలో బిగుసుకుపోతోంది. ముద్ద అక్కడ ఆగితే నరం అదిరి, గుండె కాసేపు కొట్టుకోవడం మానేస్తోంది. వచ్చే నెల వైద్యం మొదలెడదాం. అందాకా కూర్చుని, నిదానంగా తినాలి. ఒంటరిగా మాత్రం తిననివ్వకండి."

"రోజూనా అండీ?" అంది అమ్మాయి. ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"రోజూ. మూడు పూటలా."

"అలాగేనండి. కనిపెట్టుకుని ఉంటాం," అన్నాడు బాబాయి.

దారి పొడుగునా అమ్మాయి నవ్వు ఆపుకుంటూనే ఉంది. గుండె సంగతి ఆమె చెవికెక్కనే లేదు. బల్లకు గోడవైపు కాస్త చోటుంది. చిన్నాడు జరిగితే ఐదో కుర్చీ పడుతుంది.

మరునాడు మధ్యాహ్నం పెరట్లో ఉన్న పాత కుర్చీని కడిగి, తుడిచి, రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది.

"కుర్చీ తెచ్చుకున్నావా? మంచిపని చేశావు. ఇటు రామ్మా," అని బాబాయి ఆమె గదిలోంచి పిలిచాడు.

మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద మూతపెట్టిన కంచం. కిందంతా పరుపు పరిచి ఉంది.

"మరి నా పక్కన ఎవరు కూర్చుంటారు బాబాయ్?"

ఆయన నిచ్చెన మడుస్తూ పైకి చూపించాడు. గది మూలన ఎర్రటి చుక్క వెలుగుతోంది.

"హాల్లో టీవీకి కలిపాను తల్లీ. నువ్వు తిన్నంతసేపూ నలుగురం నిన్నే చూస్తుంటాం," అని గడప దాటి వెనక్కి తిరిగాడు. "ఇది తీసుంటే వెలుగు పడి బొమ్మ సరిగ్గా రాదు," అంటూ తలుపు మూసేశాడు.