గొంతు పోయిన ఆదివారం

పన్నెండున్నర దాటగానే ఏట్లో చేపలు లేచాయి.

"బావా, అదుగో! ఆ రాయి పక్కన!" గట్టుమీంచి శ్యాం గుసగుసగా అరిచాడు.

ఆమోసు నడుములోతు చన్నీళ్ళలో నిలబడి ఉన్నాడు. మార్చి మొదటివారం. ఐర్లాండ్‌లో ఈ రోజుల్లో మధ్యాహ్నం కాస్త ఎండ తగిలితేనే నీటిమీదికి ఈగలు లేస్తాయి. వాటికోసం ట్రౌట్ చేపలు పైకొస్తాయి. గంటసేపే. తర్వాత మళ్ళీ అడుక్కి.

సరిగ్గా ఆ గంటలోనే తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన. ఐరిష్‌వాళ్ళ పూజ అయ్యాకే చర్చి హాలు అద్దెకి దొరుకుతుంది మరి.

అందుకే శుక్రవారం ఆమోసు గొంతు పోయింది.

జ్వరమంటే కుదరదు. భార్య మేరీ నర్సు, చెయ్యి పట్టుకుంటే చెప్పేస్తుంది. గొంతయితే నోరు మూసుకుంటే చాలు. టార్చి వేసి చూసింది కూడా. "ఎర్రగానే ఉంది" అంది. అంతకుముందే నమిలిన పచ్చిమిరపకాయల పుణ్యం.

"నువ్వెళ్ళక్కా, బావని నేను చూసుకుంటా" అని తమ్ముడు శ్యాం ఇంట్లో ఉండిపోయాడు. మేరీ కారు మలుపు తిరగగానే ఇద్దరూ శ్యాం కార్లో ఏటికొచ్చారు.

పట్టుబడితే అంతే సంగతులు. పోయిన ఏడాది తడి ప్యాంటుతో ఆరాధనకి వచ్చినందుకే మేరీ గట్టిగా చెప్పింది. "ఇంకోసారి ఇట్టా జరిగితే ఆ గాలపు కర్ర రెండు ముక్కలే!"

శ్యాం ఫోన్‌లో ఆరాధన లైవ్ నడుస్తోంది. 'ఆమెన్' వినబడగానే అన్నీ సర్దేసి, మేరీకన్నా ముందు ఇంట్లో ఉండాలి.

"ఎంతదాకా వచ్చిందిరా?"

"ప్రసంగంలో ప్రవక్త ఇంకా చేప కడుపులోనే ఉన్నాడు బావా."

"అయితే ఇరవై నిమిషాలుంది. అంత తొందరగా బయటికి రాడు."

గాలానికి ఈకా దారమూ చుట్టి కట్టిన దొంగ ఈగని ఆమోసు విసిరాడు. అది రాయి పక్కన మెత్తగా వాలింది. నీళ్ళు భళ్ళుమన్నాయి. దారం బిగిసింది.

అప్పుడే ఫోన్ మోగింది. అక్క!

కంగారులో శ్యాం వేలు స్పీకర్‌మీద పడింది.

"ఒరేయ్ శ్యామూ, మీ బావ కషాయం తాగాడా?"

"తాగాడక్కా. పడుకున్నాడు."

"ఆ నీళ్ళ చప్పుడేంట్రా?"

"అదా... షవరక్కా."

"పడుకున్నాడన్నావ్?"

"షవర్లో ఉంది నేనక్కా!"

"ఫోన్‌తోనా? దొంగ సచ్చినోడా, వేన్నీళ్ళ ఇమ్మర్షన్ వేసి వదిలేశావేమో, ముందు దాన్ని ఆపు! కరెంటు బిల్లు నువ్వు కడతావా?"

ట్రౌట్ గాల్లోకి ఎగిరింది. ఆమోసు నోట్లోంచి కేక రాబోయింది. చటుక్కున టోపీ అంచు పళ్ళతో కరిచిపట్టాడు.

"ఆపేస్తున్నా, ఆపేస్తున్నా!"

"మీ బావ లేచాక చెప్పు. ప్రసంగానికి ఇక్కడందరూ ఏడుస్తున్నారు. నేనే బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటున్నా."

ఫోన్ పెట్టేసింది. శ్యాం చేతివల పట్టుకుని నీళ్ళ అంచుకి దిగాడు.

కాసేపటికి ఎర్రచుక్కల ట్రౌట్ ఒకటి, మూరెడుంది, వలలోకొచ్చింది.

"పులుసు పెడితే ఉంటుంది బావా..."

"వాసనకే మీ అక్క పట్టేస్తుంది. దండం పెట్టి వదిలెయ్."

చేప తోక విదిలించి మాయమైంది. ఫోన్‌లో మళ్ళీ లైవ్ ఉరిమింది.

"ఆరాధన ఎగ్గొట్టి తిరుగుతున్న సోదరుడా! మనుషుల కళ్ళు కప్పావేమో, దేవుడి కళ్ళు కప్పగలవా?"

"మననే బావా!" శ్యాం చెవులు మూసుకున్నాడు. "కట్టెయ్యనా?"

"ఉండనీరా. ముగింపు బాగుంటుంది."

ఆమోసు గట్టెక్కి, కారుతున్న ముక్కు తుడుచుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, గురువారమే రికార్డు చేసి పంపిన తన ప్రసంగాన్ని తృప్తిగా చూసుకున్నాడు, ఆ సంఘం పాస్టరు హోదాలో.