తొర్రిపళ్ళ శబ్దం

"ఇదిగో, వినండి!" ప్రొఫెసర్ హాల్వర్సన్ టేపు నొక్కి భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఏభై ఏళ్ళ కిందటి మా నాన్న గొంతు వంటింట్లో వినబడింది. వెనకాల ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"ఆ 'థ' విన్నారా? మీ క్రో, లకోటా లాంటి అమెరికా తెగల సూవన్ భాషలన్నిటికీ తల్లి అయిన భాషలోది. అందరి నోళ్ళలోనూ 'స'గా మారిపోయింది. మీ నాన్నగారి నోట్లో మాత్రం మూడువేల ఏళ్ళు బతికింది! నా సూత్రమంతా దీని మీదే నిలబడింది."

రొట్టెలు వేయిస్తున్న అడెలా అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"మూడువేల ఏళ్ళా? ఆ 'థ' పుట్టి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదయ్యా! ఆ నవ్వేది ఏమస్ మావయ్య, నాన్నకి బావ వరస. జాతర ఊరేగింపులో డాబుగా గుర్రమెక్కి, కిందపడి ముందుపళ్ళు రాలగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆయన 'స' అనబోతే 'థ' అని వచ్చేది. బావ నవ్వులపాలైతే పదిమందిలో ఎగతాళి చెయ్యడం మాకు హక్కు. మీవాళ్ళు మైకు పెట్టారు, నాన్న ఆయనలా మాట్లాడి వెక్కిరించాడు."

ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. "మరి బడి పుస్తకం..."

"ఏ పుస్తకం?"

"మీ అసలు ఉచ్చారణ అదేనని నేనే రాసిచ్చాను. మూడేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నారు."

అక్క నవ్వు ఆగిపోయింది.

"అందుకా, నిన్న నా మనవరాలు 'అవ్వా, నీకు మన భాష సరిగ్గా రాదు' అంది!"

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. అక్క దానివైపు తిరిగి చేతులు జోడించింది.

"గెలిచావు పో, మావయ్యా! వెక్కిరించినవాడి వంశమంతా ఇప్పుడు నీ తొర్రినోటితోనే మాట్లాడుతోంది."

టేపులో ఏమస్ మావయ్య నవ్వుతూనే ఉన్నాడు.