వరహాలు వేలికి మెట్టె

ఆ కాలంలో దెబ్బ తగిలితే ఒంట్లో ఇక్కడి ముక్క తీసి అక్కడ అతికించడం, చొక్కాకి మాసిక వేసినంత తేలిక. పెళ్ళికొడుకు సూరప్పడి మేనమామ దవడ కాలి ఎముకతో కట్టిందే. బాజా వినపడితే చాలు, అది గంతులేసేది.

పెళ్ళికూతురు వరహాలు చూపుడువేలు చెరుకు మరలో నలిగిపోతే, డాక్టర్లు ఎడమకాలి రెండో వేలు తీసి చేతికి అతికించారు. పీటల మీద సూరప్పడు వంగి, సన్నికల్లు మీద పెట్టిన కుడికాలికి మెట్టె తొడిగాడు. ఎడమకాలికి తొడగబోతే వేలేదీ?

"ఏలు సేతికుంది గదా! వొంగకుండానే తొడిగేత్తాను," అన్నాడు హుషారుగా.

"కుదర్దు. మా బావలందరూ రెండు మెట్టెలకీ వొంగినోళ్ళే. నువ్వు వొంగకపోతే నాను పీటల మీంచి లెగిసిపోతాను," అంది వరహాలు.

"ముహూర్తం దాటిపోతోందర్రా!" అని పంతులు గోల.

వరహాలు నాయనమ్మ చప్పున మనవరాలి చెయ్యి లాగి సన్నికల్లు మీద పెట్టింది. సూరప్పడు వంగి ఆ వేలు పట్టుకున్నాడో లేదో, వరహాలు మెలికలు తిరిగిపోతూ నవ్వింది. ఆ వేలికి కాలికున్ననాటి చక్కిలిగిలి ఇంకా పోలేదు!

మెట్టె ఎక్కింది. సూరప్పడు నడుం పట్టుకుని లేచాడు.

"వొంగడం అయిపోనాదనుకున్నావేటి, మనవడా?" అంది నాయనమ్మ. "ఇకమీదట నువ్వు దాని సెయ్యి పట్టుకున్నా, కాలు పట్టుకున్నట్టే!"